వెబ్ చిరునామాలో అంకె మారిస్తే హ్యాకింగ్ కేసు పెడతారా?

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాను. ఒక సంస్థ వెబ్‌సైట్‌లో నా బిల్లు చూస్తూ ఆ పేజీ చిరునామా (URL) చివర ఒక అంకె మార్చితే ఇంకెవరిదో బిల్లు తెరుచుకుంది. వాళ్లకు చెబితే నా మీదే కేసు పెడతారా?

జవాబు: చెప్పండి. కానీ నేను చెప్పినట్టు మాత్రం చెప్పకండి. 2016లో ఇదే పని చేసి లాయరు నోటీసు అందుకున్నవాణ్ని.

మొదటి బిల్లు తెరుచుకోగానే ఆగాల్సింది. నిజమో కాదో తేల్చుకుందామని వరసగా నలభై నంబర్లు వేసి చూశాను. ఆ పైన ఈమెయిల్‌లో "వారంలో సరిచేయకపోతే బయటపెడతాను, మీ దగ్గర బహుమతి పథకం ఏదైనా ఉందా?" అని రాశాను. నా దృష్టిలో మొదటిది హెచ్చరిక, రెండోది కుతూహలం. వాళ్ల లాయరుకు రెండూ కలిసి డబ్బు కోసం బెదిరింపుగా కనిపించాయి. ఇప్పుడు చదివితే నాకూ అలాగే ఉంది.

మీ భయం ఉత్తది కాదు. 1986 నాటి కంప్యూటర్ మోసాల చట్టం అనుమతి లేకుండా ప్రవేశించడం నేరమంటుంది, అనుమతి లేకపోవడమంటే ఏమిటో మాత్రం నిర్వచించదు. 2010లో ఏటీ అండ్ టీ సైట్‌లో ఇలాగే అంకెలు మార్చుతూ లక్షకు పైగా ఐప్యాడ్ వినియోగదారుల ఈమెయిల్ చిరునామాలు సేకరించిన కేసులో ఒకరికి 41 నెలల జైలుశిక్ష పడింది. 2014లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. కారణం? న్యూజెర్సీలో విచారించడం తప్పట! అంకె మార్చడం ఈ చట్టం కింద నేరమా అన్నది తేలనే లేదు. ఇదే చట్టం కింద అభియోగాలు ఎదుర్కొంటూ 2013లో చనిపోయిన ప్రోగ్రామర్, ఇంటర్నెట్ ఉద్యమకారుడు ఆరన్ స్వార్ట్జ్ పేరుతో సంస్కరణ బిల్లు వచ్చింది, గట్టెక్కలేదు.

తర్వాత కొంత ఊరట దొరికింది. 2021లో వాన్ బ్యూరెన్ కేసులో సుప్రీంకోర్టు చట్టం పరిధిని కుదించింది. సదుద్దేశంతో భద్రతా లోపాలు వెతికేవారిపై కేసులు పెట్టవద్దని 2022లో న్యాయశాఖ ప్రాసిక్యూటర్లకు చెప్పింది. అయితే అది విధానమే తప్ప చట్టం కాదు. సంస్థ సొంతంగా వేసే సివిల్ దావాను అది ఆపదు. మామూలుగా ఆ దావాకు 5,000 డాలర్ల నష్టం చూపాలి. మీరేం చూశారో తేల్చుకోవడానికి వాళ్లు పెట్టే దర్యాప్తు ఖర్చూ ఆ లెక్కలోకే వస్తుంది, కాబట్టి అదేమంత పెద్ద గోడ కాదు.

అందుకే ఆ పేజీని మళ్లీ తెరవకండి. లోపాలు తెలిపేవారికోసం ఆ సంస్థ నియమాలేమైనా పెట్టిందేమో చూడండి. ఏం కనిపించింది, ఎప్పుడు, వెంటనే ఆగిపోయారన్న సంగతి, ఈ మూడే రాయండి. గడువు, బహుమతి ఊసెత్తవద్దు. జవాబు రాకపోతే, భద్రతా లోపాల సమాచారాన్ని సంస్థలకు చేరవేసే సెర్ట్ సమన్వయ కేంద్రాన్ని (కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఉంది) మధ్యవర్తిగా ఉండమని అడిగి చూడవచ్చు. ఇప్పటికే ఒకటికి మించి నంబర్లు ప్రయత్నించి ఉంటే మాత్రం ముందు లాయరును కలవండి.

నా సంగతంటారా? నలభై నంబర్లకూ వివరణ రాసి, స్క్రీన్‌షాట్లన్నీ చెరిపేశానని సంతకం పెట్టి ఇచ్చాక వదిలేశారు. లోపాన్ని మాత్రం నోటీసు పంపిన రోజే సరిచేసుకున్నారు.