డోపింగ్ మీద పీహెచ్‌డీ అంటోంది... పంపాలా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. మా అమ్మాయి నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది. ఇనుము ఉండే సూపర్ కండక్టర్లలో డోపింగ్ వల్ల ఏకరూపత ఎలా మారుతుందో పరిశోధిస్తానంటోంది. బీఈడీ చెయ్యమంటే వినడం లేదు. ఇందులో భవిష్యత్తు ఉందా?

సమాధానం: మీ అమ్మాయి చెయ్యాలనుకుంటున్న పని మీకు కొత్తేమీ కాదండీ. మిర్చి టిక్కీ (బస్తా) పైన మచ్చు చూసి ఊరుకోరు కదా, లోపల తాలుకాయ ఎంతుందో చూస్తారు. ఆమె స్ఫటికంలో చూస్తుంది, అంతే తేడా.

2008లో జపాన్‌లో హోసోనో బృందం లాంథనం, ఇనుము, ఆర్సెనిక్, ఆక్సిజన్ ఉన్న పదార్థంలో కొంత ఆక్సిజన్ బదులు ఫ్లోరిన్ పెట్టింది. 26 కెల్విన్ దగ్గర, అంటే దాదాపు మైనస్ 247 డిగ్రీల దగ్గర, అది సూపర్ కండక్టర్ అయింది, అంటే కరెంటుకు నిరోధమే లేకుండా పోయింది. ఇలా ఒకదాని చోట ఇంకోటి చొప్పించడమే డోపింగ్. చొప్పించింది అంతటా సమంగా పడిందా అన్నదే పేచీ.

బేరియం, ఇనుము, ఆర్సెనిక్ కలిసిన స్ఫటికం సంగతే చూడండి. బేరియం చోట పొటాషియం పెడితే సూపర్ కండక్టర్ అయ్యే ఉష్ణోగ్రత 38 కెల్విన్ దాకా వెళ్తుంది. కానీ పొటాషియం కొలిమి వేడికి ఆవిరైపోతుంది, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ మిగులుతుంది. ఇనుము చోట కోబాల్ట్ పెడితే ఆ బాధ తక్కువే గానీ, కరెంటు నడిచే పొరలోనే పరాయి పరమాణువు కూర్చుంటుంది. పైగా తూచి వేసినంత కోబాల్ట్ స్ఫటికంలోకి ఎక్కదు. చోటుచోటా కొలిచి చూసుకోవాల్సిందే.

అసలు మోసం ఇంకోచోట ఉంది. స్ఫటికంలో ఈ కొస నుంచి ఆ కొసకు సన్నటి దారి ఒక్కటి సూపర్ కండక్టర్ అయినా మీటర్ సున్నా నిరోధమే చూపిస్తుంది. మిగతాదంతా ఉత్త లోహమే కావచ్చు. అందుకే అయస్కాంత కొలతలు, విశిష్టోష్ణం (వేడెక్కడానికి ఎంత ఉష్ణం తీసుకుంటుందో) కూడా చూస్తే గానీ నమ్మరు.

ఇక ఉద్యోగం. సూపర్ కండక్టర్ల పేరుతో మన వైపు ఉద్యోగాలు లేవు, ఉన్నాయని మభ్యపెట్టను. ఆమె నేర్చుకునే ఎక్స్‌రే డిఫ్రాక్షన్, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ పని మాత్రం సెమీకండక్టర్, బ్యాటరీ రంగాల్లోనూ కావాలి. జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. నెట్‌తో పాటు గేట్, జెస్ట్ కూడా రాయమనండి. బీఈడీ ఎక్కడికీ పోదు.

గైడ్ పేరు కంటే ల్యాబ్ ముఖ్యం. స్ఫటికాలు వాళ్లే పెంచుతారా? ఆర్సెనిక్ విషం కాబట్టి గ్లవ్ బాక్స్ (చేతి తొడుగులతో లోపల పని చేసే మూసిన పెట్టె) ఉందా? కొలతలకు వేరే ఊరు పంపి నెలల తరబడి ఎదురుచూడాలా? ఇవి అమ్మాయే అక్కడి సీనియర్లను అడిగితే మంచిది, ప్రొఫెసర్‌ని కాదు.

ఇంటర్వ్యూకి ఒక్కటి సిద్ధం చేసుకోమనండి. 2016లో వచ్చిన కాల్షియం–పొటాషియం రకం ఇనుము–ఆర్సెనిక్ పదార్థం డోపింగ్ లేకుండానే 35 కెల్విన్ దగ్గర సూపర్ కండక్టర్ అవుతుంది. అలాంటిది ఉండగా ఇంకా డోపింగ్‌తో కుస్తీ ఎందుకని అడగొచ్చు. డోపింగ్ కొద్దికొద్దిగా మారుస్తూ పోతేనే అయస్కాంతత్వం ఎక్కడ తగ్గి సూపర్ కండక్టివిటీ ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుందని ఆమె చెప్పగలగాలి.