గాలిలో కాంతి శంకువు కనబడకపోతే
ప్రొజెక్టర్‌తో గోడ మీదికి తెల్ల వలయం వేసి, గాలిలో కాంతి శంకువు చూడాలనుకున్నారు, కానీ రాలేదు. ప్రొజెక్టర్‌ది తప్పు కాదు, మీ గదిలో గాలి మరీ శుభ్రంగా ఉంది. అందుకే తెల్ల వలయం గోడ మీద పడుతోంది కానీ, మధ్యలో రావాల్సిన శంకువు కనబడటం లేదు. కళాకారుడు ఆంథొనీ మెక్‌కాల్ 1973లో ఇలాంటి కాంతి శంకువునే చూపే 'లైన్ డిస్క్రైబింగ్ ఎ కోన్' అనే ఫిల్మ్ చేసిన రోజుల్లో దుమ్ము, సిగరెట్ పొగే శంకువును కనబడేలా చేసిపెట్టాయి.

1. హేజ్ మెషీన్ (గదంతా పలచటి పొగను సమంగా పరిచే యంత్రం) పెట్టండి. ఫాగ్ మెషీన్ వద్దు, పొగ ముద్దలుగా వస్తుంది. స్మోక్ అలారం సంగతి ముందే చూసుకోండి.

2. ఏసీ, ఫ్యాన్లు ఆపేయండి.

3. చాలామంది మర్చిపోయేది ఇదే: ప్రొజెక్టర్ పక్కన నిలబడి చూస్తారు. గోడ దగ్గరికెళ్లి ప్రొజెక్టర్ వైపు తిరగండి. పొగ కణాలు కాంతిని ఎక్కువగా ముందుకే చెదరగొడతాయి. ప్రొజెక్టర్ పక్కనుంచి వెలవెలబోయిన పుంజమే గోడ వైపునుంచి ముట్టుకోవాలనిపించేంత గట్టిగా కనిపిస్తుంది. లెన్స్‌లోకి నేరుగా మాత్రం చూడకండి.