పాత పద్ధతులను డిఫాల్ట్ సెట్టింగులతో నడిపి పోలిస్తే సరిపోతుందా?

థీసిస్‌లో మీ కొత్త మోడల్‌ను పాత పద్ధతులతో పోల్చే టేబుల్ పెట్టాలి, పాతవాటిని డిఫాల్ట్ సెట్టింగులతో నడిపితే చాలా అని అడిగారు. చాలదండి. అలా చేసి దెబ్బతిన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

ఎం.టెక్‌లో నా న్యూరల్ నెట్‌వర్క్ మీద నెల రోజులు కూర్చున్నాను. లేయర్లు మార్చడం, లెర్నింగ్ రేట్ మార్చడం, రాత్రిళ్లు ల్యాబ్‌లోనే. పోటీగా పెట్టిన ఎస్‌వీఎం (సపోర్ట్ వెక్టర్ మెషీన్) అనే పాత పద్ధతికి ఇచ్చింది ఒక్క మధ్యాహ్నం. నాదే గెలిచింది, గెలవక ఏం చేస్తుంది! పేపర్ పంపితే ఒక రివ్యూయర్ అడిగింది ఒకటే: ఎస్‌వీఎంకి ఇచ్చేముందు ఫీచర్లను స్కేల్ చేశారా, అంటే డేటాలోని కాలమ్‌లన్నిటినీ ఒకే స్థాయికి తెచ్చారా? చేయలేదు. నా డేటాలో ఒక కాలమ్ 0, 1 మధ్య ఉంటే పక్కది వేలల్లో ఉంది. ఎస్‌వీఎంలో నేను వాడిన ఆర్‌బీఎఫ్ కెర్నల్ అనే ఫార్ములా చూసేదే పాయింట్ల మధ్య దూరం. ఆ దూరాన్నంతా వేలల్లో ఉన్న కాలమ్ ఒక్కటే మింగేసింది. స్కేల్ చేసి, ఎస్‌వీఎం సెట్టింగులైన సీ, గామాలకు సరైన విలువలు వెతికి మళ్లీ నడిపితే ఒక డేటాసెట్‌లో నేను ఓడిపోయాను, మిగతావాటిలో తేడా చెప్పుకోదగ్గంత లేదు. మోసం చేద్దామని కాదు. కాకి పిల్ల కాకికి ముద్దు కదా.

నా ఒక్కడికే జరిగిందీ కాదు. 2019లో రికమెండేషన్ వ్యవస్థల మీద జరిగే రెక్‌సిస్ సదస్సులో వచ్చిన ఒక పరిశీలన చూడండి. రికమెండేషన్ల కోసం పెద్ద సదస్సుల్లో ప్రచురించిన 18 న్యూరల్ పద్ధతులు తీసుకుంటే, ఓ మోస్తరు శ్రమతో మళ్లీ నడపగలిగినవి 7. వాటిలో 6 పద్ధతులను నియరెస్ట్ నైబర్ (దగ్గరి పోలిక ఉన్నవాటిని చూసి చెప్పేది) లాంటి సాదాసీదా పద్ధతులే చాలా సందర్భాల్లో దాటేశాయి.

ప్రొటీన్ల ఆకారం ఊహించేవాళ్లు దీనికి మంచి దారే కనిపెట్టారు. 1994 నుంచి రెండేళ్లకోసారి జరిగే కాస్ప్ అనే పోటీలో, ఆకారం ఇంకా బయటికి రాని ప్రొటీన్లనే ప్రశ్నలుగా ఇస్తారు. జవాబు పోటీ చేసేవాళ్లెవరికీ తెలియదు, దిద్దేవాళ్లు వేరే. 2020లో ఆల్ఫాఫోల్డ్ 2 అనే ఏఐ మోడల్ ఫలితాలకు అంత విలువ రావడానికి అదొక పెద్ద కారణం.

మనకు అంత ఏర్పాటు కుదరదు. ట్యూనింగ్‌కి, అంటే మంచి సెట్టింగులు వెతకడానికి, మీ మోడల్‌కి 50 ప్రయత్నాలిస్తే పాతదానికీ 50 ఇవ్వండి. టెస్ట్ డేటాను చివరిదాకా ముట్టుకోకండి. ఒక్క సీడ్‌తో (ర్యాండమ్ విలువలను మొదలుపెట్టే సంఖ్య) ఆపకుండా నాలుగైదింటితో నడిపి సగటు, హెచ్చుతగ్గులు రెండూ రాయండి. వీలైతే పాత పద్ధతుల పని మీ మోడల్‌తో సంబంధం లేని ల్యాబ్ మిత్రుడికి అప్పగించండి, బదులుగా టీ ఖర్చు మీది.

నేను ఓడిన డేటాసెట్‌ను టేబుల్‌లోంచి తీసేయలేదు. వైవాలో ఎగ్జామినర్ ఎక్కువసేపు అడిగింది ఆ వరుస గురించే.