దాత పేరిట న్యాయశాస్త్ర పీఠం: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా నాన్నగారు హైదరాబాదులో నలభై ఏళ్లు కంపెనీ వ్యవహారాల న్యాయవాదిగా పనిచేసి నిరుడు కాలం చేశారు. ఆయన పేరిట నగరంలోని ఒక బిజినెస్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర ఆచార్య పీఠం, అంటే మేమిచ్చే నిధితో నడిచే ప్రొఫెసరు పదవి, నెలకొల్పాలని మేము అన్నదమ్ములం అనుకుంటున్నాం. ఎంబీఏ పిల్లలకు లా ప్రొఫెసర్ ఎందుకని బంధువులు అడుగుతున్నారు. ఎంత డబ్బు కావాలి? ప్రొఫెసరు ఎంపికలో మా కుటుంబానికి మాట ఉంటుందా?
– ఒక పాఠకుడు, బర్కత్‌పుర

జవాబు: ముందు మీ బంధువుల సందేహం తీరుద్దాం. 1898లో ఎగుమతి వ్యాపారం నేర్పే అకాడమీగా మొదలై 1975 నుంచి ఇప్పటి పేరుతో నడుస్తున్న వియన్నా ఆర్థిక, వ్యాపార విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రానికి ప్రత్యేక విభాగమే ఉంది. వ్యాపార న్యాయంలో డిగ్రీ కూడా ఇస్తారు. అంత దూరం పోనక్కరలేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో చూపిన వేల కోట్ల నగదు అసలు లేదని బయటపడిన రోజు మన నగరం మరిచిపోయేది కాదు. ఆస్తి అప్పుల పట్టీ మీద పెట్టే సంతకం చట్టం ముందు ఇచ్చే హామీ అని మేనేజ్‌మెంట్ విద్యార్థికి చదువుకునే రోజుల్లోనే తెలియాలి. ఆ సంగతి అకౌంట్స్ మాస్టారు ఒక తీరున చెబుతారు, న్యాయశాస్త్ర ఆచార్యులు మరో తీరున చెబుతారు, రెండూ కావాలి.

ఇక డబ్బు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఏడో వేతన సవరణ ప్రకారం ప్రొఫెసరు మూల వేతనం నెలకు 1,44,200 రూపాయల దగ్గర మొదలవుతుంది. కరువు భత్యం, ఇంటి అద్దె, భవిష్యనిధి కలుపుకొని, పుస్తకాలకూ ఒక పరిశోధక విద్యార్థికీ కొంత తీసిపెడితే ఏడాదికి 30 లక్షలకు తక్కువ వేసుకోవడం సరికాదు. అసలు సొమ్ము ముట్టకుండా ఏటా అందులో 5 శాతమే ఖర్చు చేయాలనుకుంటే 6 కోట్ల నిధి కావాలి. వడ్డీ 7 శాతం వచ్చినా మిగిలిన 2 శాతాన్ని తిరిగి అసలులో కలపాల్సిందే. వచ్చిన వడ్డీనంతా ఏ ఏటికాయేడు వాడేస్తే కాగితం మీద 6 కోట్లు 6 కోట్లుగానే కనిపిస్తాయి గాని, ధరలు పెరిగేకొద్దీ ఆ నిధి సగం జీతానికి కూడా చాలని స్థితికి వస్తుంది. జర్మనీ, ఆస్ట్రియా వంటి దేశాల్లో మరో పద్ధతి ఎక్కువ: దాత సాధారణంగా ఐదేళ్ల జీతం భరిస్తాడు, ఆ తర్వాత ఆ పదవిని విశ్వవిద్యాలయమే తన సొంత ఖర్చుతో కొనసాగిస్తుంది. మీరు ఆ దారిని ఎంచుకుంటే, కొనసాగిస్తామన్న మాటను ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

అంత స్తోమత లేకపోతే చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. కలకత్తా న్యాయవాది ప్రసన్నకుమార్ టాగోర్ 1868లో కన్నుమూస్తూ విశ్వవిద్యాలయానికి రాసిచ్చిన సొమ్ముతో 1870లో మొదలైన టాగోర్ న్యాయ ఉపన్యాసాలు పుస్తకాలుగా వచ్చి తరతరాల న్యాయవాదులకు ఆధారమయ్యాయి. టోక్యో యుద్ధనేరాల విచారణలో విడి తీర్పు రాసిన రాధావినోద్ పాల్ కూడా ఆ ఉపన్యాసకుల్లో ఒకరు. మన విశ్వవిద్యాలయాల్లో ధర్మనిధి ఉపన్యాసాల సంప్రదాయం ఎలాగూ ఉంది. వడ్డీ చాలని పీఠం పెట్టి అది ఏళ్ల తరబడి ఖాళీగా ఉండడం కంటే ఏడాదికొక మంచి ఉపన్యాసం, దాని వెంట ఒక పుస్తకం మేలని నా గట్టి నమ్మకం.

ఎంపికలో మీకు మాట ఉండదు, ఉండకూడదు. ప్రొఫెసరును నియమించేది యూజీసీ 2018 నిబంధనల కింద ఏర్పడే ఎంపిక సంఘం. దాతకు అందులో చోటు లేదు. న్యాయశాస్త్రం విషయంలో ఈ హద్దు మరీ ముఖ్యం. మీ నాన్నగారు వాదించి గెలిచిన కేసులోనే తీర్పు తప్పని రేపు ఆ పీఠంలో కూర్చున్నవారు వ్యాసం రాయవలసి రావచ్చు. అలా రాసే స్వేచ్ఛ వారికి లేకపోతే మీ నాన్నగారి పేరుకు గౌరవం దక్కదు. మీ మాట చెల్లేది దానపత్రంలో, అదీ సంతకానికి ముందే. పీఠం పేరు, సబ్జెక్టు, నిధికి వేరే బ్యాంకు ఖాతా, ఏటా లెక్కలు మీకు పంపే షరతు, పదవి ఏడాదికి మించి ఖాళీగా ఉంటే వడ్డీ ఏం చేయాలి, సంస్థ మూతపడితే అసలు సొమ్ము ఎవరికి చెందాలి అన్నవన్నీ అందులో ఉండాలి. సబ్జెక్టును మరీ ఇరుకుగా రాయకండి. దివాలా స్మృతి 2016లోనే వచ్చింది, జీఎస్టీ 2017లో. ముందు ముందు ఏ చట్టం పోయి ఏది వస్తుందో ఎవరూ చెప్పలేరు. ‘వాణిజ్య న్యాయం’ అని రాస్తే చాలు.

ప్రశ్న: నేను హైకోర్టులో పద్దెనిమిదేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ప్రాక్టీసు వదలకుండా అలాంటి పీఠంలో చేరవచ్చా?
– ఒక న్యాయవాది, సైఫాబాద్

జవాబు: పూర్తికాలపు జీతానికి చేరితే కుదరదు. అలాంటి ఉద్యోగంలో ఉన్నంతకాలం ప్రాక్టీసు చేయరాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 49వ నియమం చెబుతోంది. చేరేముందు రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు తెలియజేసి ప్రాక్టీసును నిలిపివేసుకోవాలి. అయితే 1979 నాటి నియమాల ప్రకారం న్యాయవాది రోజుకు మూడు గంటలకు మించకుండా న్యాయశాస్త్రం బోధించవచ్చు. మీ అనుభవానికి ఇంకో దారి కూడా ఉంది. యూజీసీ 2022లో తెచ్చిన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ పద్ధతిలో, తమ రంగంలో కనీసం 15 ఏళ్లు పనిచేసిన నిపుణులను పీహెచ్‌డీ లేకున్నా తీసుకోవచ్చు. న్యాయవాద వృత్తి కూడా ఆ రంగాల్లో ఉంది. ఆ నియామకాల్లో పరిశ్రమలు జీతం భరించే రకం ఒకటి. మొత్తం కాలం మాత్రం సాధారణంగా మూడేళ్లు, అరుదుగా నాలుగు. పూర్తికాలమా, గంటల లెక్కా అన్నది నియామక పత్రంలో స్పష్టంగా రాయించుకుని, దాని నకలుతో బార్ కౌన్సిల్‌లో అడిగిన తర్వాతే సంతకం చేయండి.