ఎక్స్‌ట్రా పనికి వాట్సాప్‌లో ‘సరే’ అంటే 9 లక్షలూ కట్టాలా?

ప్రశ్న: బెంగళూరు కె.ఆర్.పురంలో 30×40 సైటులో ఇల్లు కట్టిస్తున్నాం. 2,000 చదరపు అడుగులు, మెటీరియల్‌తో కలిపి అడుగుకు 2,100 చొప్పున 42 లక్షలకు అగ్రిమెంట్. 36 లక్షలు బ్యాంకు ద్వారా ఇచ్చాం. ఎక్స్‌ట్రా పనులకు మరో 9 లక్షలు కావాలని కాంట్రాక్టర్ పోయిన దసరాకు పని ఆపేశాడు. అమ్మాయి పెళ్లి దగ్గర పడింది. అద్దె, ఈఎంఐ రెండూ కట్టలేక నిద్ర పట్టడం లేదు. సెక్యూరిటీగా చెక్కు ఇస్తే వస్తానంటున్నాడు. ఇచ్చేసి, గృహప్రవేశం అయ్యాక స్టాప్ పేమెంట్ (ఆ చెక్కుకు డబ్బు ఇవ్వొద్దని బ్యాంకుకు చెప్పడం) పెట్టొచ్చా?

జవాబు: పెళ్లి సంగతి పక్కన పెట్టండి. మీరు పంపిన అగ్రిమెంట్ మూడో పేజీలో, ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఎక్స్‌ట్రా పని అని ఉంది. కేసంతా దాని మీదే నిలుస్తుంది. కానీ సంపు 8 వేల లీటర్ల నుంచి 12 వేలకు పెంచడానికి, మెట్లకు గ్రానైట్ వేయడానికి వాట్సాప్‌లో ‘సరే, చేసేయండి’ అన్నది మీరే. కూరగాయలు కొనేటప్పుడైనా ధర అడుగుతాం కదా, ఇక్కడ ఒక్క మాట అడగలేదేం? రేటు మాట్లాడుకోకపోయినా, ఊరికే చేయని పనిని వాడుకున్నవాళ్లు దాని విలువ ఇవ్వాలన్నది కాంట్రాక్టు చట్టం సెక్షన్ 70లోని సూత్రం. కాబట్టి ఆ రెండింటికీ సరైన ధర ఇవ్వక తప్పదు. మిగతా పద్దులకు మీ ఒప్పుకోలు ఎక్కడుందో కాంట్రాక్టరే చూపించాలి.

చెక్కు మాత్రం ఇవ్వకండి. స్టాప్ పేమెంట్ పెట్టినా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద చెక్‌బౌన్స్ కేసు పడుతుంది. అందులో రెండేళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా ఉన్నాయి. సెక్యూరిటీగా ఇచ్చానని నిరూపించుకునే భారం మీ నెత్తిన పడుతుంది. ఇప్పుడు మీ చేతిలో ఉన్న కేసు ఆయన చేతికి పోతుంది.

కొత్త మేస్త్రీని కూడా అప్పుడే దింపొద్దు. ఆయన తాపీ పెట్టిన రోజే పాత పని ఎంతవరకు జరిగిందో చెప్పే సాక్ష్యం చెరిగిపోతుంది. ముందు సంబంధం లేని సివిల్ ఇంజనీరుతో గది గదీ కొలిపించి, ఫొటోలతో సంతకం చేసిన రిపోర్టు తీసుకోండి. ఆ ‘సరే’ మెసేజ్ తుడిచేయకండి, కాంట్రాక్టర్ ఫోన్‌లో అది ఉండనే ఉంటుంది. చాట్ ఉన్న ఫోన్ మార్చకండి. చాట్ ప్రింట్లు దాఖలు చేసేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి.

గడువు సంగతి. వినియోగదారుల కమిషన్‌కు 2 ఏళ్లలోపు వెళ్లాలి. పని ఆగిన తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. ‘వచ్చేవారం మాట్లాడదాం’ అన్న ఫోన్ కాల్స్‌తో అది పెరగదు. మీరు చెల్లించింది 50 లక్షల లోపే కాబట్టి జిల్లా కమిషన్ చాలు.

రిపోర్టు రాగానే స్పీడ్ పోస్టులో లాయర్ నోటీసు పంపించండి. సంపుకీ గ్రానైటుకీ ఇంజనీరు కట్టిన విలువ ఇస్తామనీ, 15 రోజుల్లో పని మొదలుపెట్టకపోతే వేరేవాళ్లతో పూర్తి చేయించి, అదనంగా అయ్యే ఖర్చు ఆయన దగ్గరే రాబడతామనీ అందులో రాయించండి. ఆ గడువు దాటాకే కొత్త మేస్త్రీని పిలవండి.