ఛాతీకి ప్యాచ్ పెట్టుకుని బత్తాయి తోటకు పోవచ్చా?

ప్రశ్న: మా నాయినకు 62 ఏండ్లు. అప్పుడప్పుడు గుండె దడదడ కొట్టుకుని కాసేపటికి అదే తగ్గుతుంది. ఈసీజీ మామూలుగానే వచ్చింది. హైదరాబాద్‌లో డాక్టరు అబ్లేషన్ చేయాల్సి రావచ్చని చెప్పి, ముందు ఛాతీకి ప్యాచ్ అంటించి, ఫోన్ లాంటిది ఒకటి ఇచ్చి 14 రోజులు పెట్టుకొమ్మన్నారు. మేం మంచం దిగనివ్వట్లేదు, ఆయనేమో తోటకు నీళ్లు కట్టాలంటాడు. ఏమన్నా అయితే హాస్పిటల్ వాళ్లకు తెలిసిపోతుంది కదా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: ముందు ఆయన్ని మంచం దిగనివ్వండమ్మా. మామూలు ఈసీజీ పట్టేది పది సెకన్లే, ఆ టైముకు దడ రాకపోతే దానికి ఏం దొరుకుతుంది? అందుకే రోజుల తరబడి గుండె లయను రికార్డు చేసే ఈ ప్యాచ్. అబ్లేషన్ అంటే తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని తీగ పంపి, లయ తప్పిస్తున్న చోటును కాల్చడమో బాగా చల్లబరిచి గడ్డకట్టించడమో, కాబట్టి వస్తున్నది ఏ రకం దడో డాక్టరుకు ముందే తెలియాలి. రోజూ చేసే పనులు చేస్తుంటేనే అది బయటపడుతుంది. కళ్లు తిరగడం, పడిపోవడం ఉంటే మాత్రం డాక్టరును అడగకుండా తోటకు పంపకండి, ఒంటరిగా అసలే వద్దు.

మోటర్ స్టార్టర్ నొక్కి పక్కకు వస్తే ఏం కాదు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, పెద్ద అయస్కాంతాల దగ్గర నిలబడితే రికార్డు చెడొచ్చు. బావిలో ఈత బంద్. స్నానం సంగతి ఒక్కో ప్యాచ్‌కు ఒక్కోలా ఉంటుంది, ఇచ్చినవాళ్లనే అడగండి. ఛాతీకి నూనె, పౌడరు రాయొద్దు, మన ఎండకు పట్టే చెమటకే అది ఊడొస్తుంది.

దడ రాగానే బటన్ ఉంటే నొక్కాలి, ఒక నోటుబుక్కులో రాయాలి: 'పొద్దున 6:40, మడవ తిప్పుతుంటే దడ, రెండు నిమిషాలు' అని. 'నిన్న ఎప్పుడో వచ్చింది' అంటే డాక్టరుకు పనికిరాదు.

ప్యాచ్ రికార్డును పంపే ఆ ఫోన్‌ను ఇంట్లో చార్జింగ్‌కు పెట్టి తోటకు పోతే లాభం లేదు, జేబులో ఉండాలి. సిగ్నల్ లేనిచోట చాలా పరికరాలు దాచుకుని తర్వాత పంపుతాయి. ఇక హాస్పిటల్ వాళ్లకు తెలిసిపోతుందన్న మీ చివరి మాట, దాన్నే నమ్ముకోవద్దు. కొన్ని ప్యాచ్‌లు ఏమీ పంపవు, తిరిగిచ్చాకే చదువుతారు. పంపేవి ఉన్నా రాత్రి రెండింటికి ఎవరో తెర ముందు కూర్చుని చూస్తున్నారని గ్యారంటీ లేదు. ఛాతీనొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం, మూతి వంకర పోవడం, ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి, ప్యాచ్ చూసుకుంటుందిలే అని ఆగకండి.

రక్తం పలచబడే మాత్ర ఇచ్చి ఉంటే, అబ్లేషన్ దగ్గరికొచ్చిందని మీ అంతట మీరు ఆపొద్దు. ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో డాక్టరే చెప్పాలి.