కరెంటు లేని చోట మూడు రోజుల వంట: గుణుపురం కోడలికి జవాబు

"అక్కా, జులైలో ఇక్కడ కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్క్‌లో రెండు రాత్రులు టెంట్ వేసుకుని ఉండబోతున్నాం. గుణుపురం నుంచి అత్తయ్యగారు, మావయ్యగారు జూన్‌లో వస్తున్నారు. వాళ్లనీ, మా ఐదేళ్ల బాబునీ తీసుకెళ్తున్నాం. అక్కడ కరెంటు లేదు, ఫ్రిజ్ లేదు. అత్తయ్యగారు ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. ఏం పట్టుకెళ్లాలి, ఎలా దాచాలి? నాకు చాలా టెన్షన్‌గా ఉంది."

చెల్లీ, ఈ రెండు నెలలూ నేను రాయగడలో మా ఇంట్లోనే ఉన్నాను. మీ అత్తగారు ఇక్కడ సామాను సర్దుకోకముందే నీ ప్రశ్న రావడం మంచిదైంది. ఫ్రిజ్ లేకుండా తిండి చూసుకోవడం ఆవిడకు కొత్త కాదు. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కే మన పర్లాకిమిడి, గుణుపురం వాళ్ల సంచుల్లో ఏముంటాయో ఆవిడను అడుగు. అటుకులు, బెల్లం, వేయించిన పల్లీలు, చింతపండు పులిహోర అని చెబుతారు. మీ ప్లాన్‌కి పునాది అదే. నువ్వు కొత్తగా తెలుసుకోవాల్సినవి అమెరికా వాతావరణం, అక్కడి రూల్స్, అక్కడి ఎలుగుబంట్లు.

ముందు అన్నిటికన్నా ముఖ్యమైనది చెబుతాను. వండినది ఆ పూటకే అయిపోవాలి, మిగిలేలా వండకు. అక్కడి ఆహార భద్రత లెక్క ప్రకారం 40 నుంచి 140 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య, అంటే మన లెక్కలో 4 నుంచి 60 డిగ్రీల మధ్య, సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. పాడయ్యే తిండి ఏదైనా ఆ వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. బయట ఎండ 90 ఫారెన్‌హీట్ దాటితే ఒక్క గంటే. మనవాళ్లు ఎక్కువగా పొరపడేది అన్నం దగ్గర. మాంసం పాడవుతుందని అందరికీ తెలుసు కానీ అన్నం గురించి ఎవరూ ఆలోచించరు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషంలో ఒక రకం మళ్లీ వేడి చేసినా పోదు. కాబట్టి రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున్న తాలింపు వేసి బాబుకి పెట్టకు. ఇంట్లో పఖాళ, చద్దన్నం అలవాటున్న మావయ్యగారు అడిగినా, ఆ మూడు రోజులకీ వద్దని చెప్పు. అక్కడ కడుపు నొప్పి వస్తే ఆసుపత్రి దగ్గర్లో ఉండదు.

అందుకే నేను అన్నం కన్నా రవ్వ, అటుకులు, చోడిపిండి (రాగిపిండి) వైపే మొగ్గుతాను. పది నిమిషాల్లో అయిపోతాయి, కావలసినంతే చేసుకోవచ్చు.

చోడిపిండి ఇక్కడి నుంచి తెప్పించుకో. కోరాపుట్, రాయగడ కొండల చోళ్ల పిండితో కాచిన అంబలి కమ్మగా ఉంటుంది. కొండ మీద చల్లటి పొద్దున్నపూట వేడిగా తాగితే మధ్యాహ్నం వరకు ఆకలి వేయదు. పిండిని ఇంట్లోనే దోరగా వేయించి, చల్లారాక బెల్లం పొడి, కొంచెం యాలకుల పొడి కలిపి సీసాలో పోసుకో. అక్కడ చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్లలో పోసి తిప్పితే చాలు. చల్లకి బదులు పాలపొడి వెయ్యి. బాబు ఇష్టపడితే చెప్పు, నాకు సంతోషం.

బరంపురం అప్పడాలు, ఊరగాయలు ఎలాగూ వస్తాయి. వడియాలు కూడా చెప్పు. కానీ అత్తగారి సామాన్లో బియ్యం పెట్టించకు. ఖప్రా పురుగు భయంతో ఇండియా బియ్యాన్ని ప్రయాణికుల సామానుతో లోపలికి రానివ్వరు. మాంసం పచ్చళ్లు కూడా వద్దు. తెచ్చిన తిండి ప్రతిదీ అక్కడి కస్టమ్స్ వాళ్లకి చెప్పి చూపించమను. చూపిస్తే మహా అయితే తీసేసుకుంటారు, దాస్తే జరిమానా. అటుకులు, పప్పులు అక్కడి ఇండియన్ స్టోర్‌లోనే కొనుక్కో.

ఇక మూడు రోజులు ఎలా పంచుకోవాలో చెబుతాను. త్వరగా పాడయ్యేవి మొదటి రోజు, గట్టి కూరగాయలు రెండో రోజు, పూర్తిగా పొడివి మూడో రోజు. మధ్యాహ్నం చేరుకుంటారు కాబట్టి పులిహోర ఆ రోజు పొద్దున్నే కలిపి, చల్లార్చి ఐస్ బాక్స్‌లో పెట్టుకుని వెళ్లి, చేరగానే తినేయండి. పులుపు ఉందన్న ధైర్యంతో రాత్రి వరకు ఉంచకండి. చికెన్ మానేయమనే నా సలహా. మీ ఆయన పట్టుబడితే మొదటి రాత్రికే ఉంచు. మసాలా పట్టించి రెండు రోజుల ముందే రాయిలా గడ్డకట్టించి, విడిగా డబ్బాలో పెట్టి ఐస్ బాక్స్ అడుగున ఉంచు, రసం కారి మిగతా వాటికి తగలకూడదు.

రెండో రాత్రికి దాల్మా, అంటే పప్పు, కూరగాయలు కలిపి వండే ఒడియా వంట. ఒకే గిన్నెలో అయిపోతుంది, ఉల్లి, వెల్లుల్లి లేకుండానే అసలు రుచి, అత్తగారికి కూడా సరిపోతుంది. కందిపప్పు కాకుండా పెసరపప్పు వెయ్యి. ఎత్తుకు వెళ్లేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుంది. మీరు దిగేది యోసెమిటీ లోయలో అయితే తేడా కొద్దిగానే తెలుస్తుంది. అదే 2,600 మీటర్ల ఎత్తున్న టువాలమీ మెడోస్‌లో అయితే నీళ్లు దాదాపు 91 డిగ్రీలకే మరుగుతాయి, కందిపప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది, గ్యాస్ అంతా దానికే అయిపోతుంది. పెసరపప్పును ఇంట్లోనే వేయించి, పసుపు, ఉప్పు కలిపి పొట్లం కట్టు. గుమ్మడికాయ, అరటికాయ, చిలగడదుంప, బంగాళాదుంప ఐస్ బాక్స్ బయట ఉన్నా ఏమీ కావు. కోయకుండా తీసుకెళ్లి అక్కడే కొయ్యి, కోసిన ముక్కలు త్వరగా పాడవుతాయి. వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి విడిగా చిన్న సీసాలో పెట్టుకుని దించాక చల్లు.

ఉప్మా పొట్లం కూడా ఇలాగే. నూనెలో ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, జీడిపప్పు, కరివేపాకు బాగా కరకరలాడేదాకా వేయించి, అందులోనే రవ్వ పోసి వేయించు. పూర్తిగా చల్లారాక ఉప్పు కలిపి పొట్లం కట్టి, మీద "ఆదివారం పొద్దున్న, ఒక గ్లాసు రవ్వకి రెండున్నర గ్లాసుల నీళ్లు" అని రాసెయ్యి. అలా రాసి ఉంటే ఎవరైనా వండగలరు, నువ్వు ఆ పూట జలపాతం చూడొచ్చు.

గుడ్ల సంగతి మరిచిపోకు. ఇక్కడ కిరాణా కొట్టులో గుడ్లు బయటే ఉంటాయి కాబట్టి అక్కడా అంతేననుకుంటాం. అమెరికాలో గుడ్లను కడిగి అమ్ముతారు, కడిగినప్పుడు పెంకు మీది రక్షణ పొర పోతుంది, అందుకే వాటిని చల్లగానే ఉంచాలి. ఐస్ బాక్స్‌లో చోటుంటేనే తీసుకెళ్లు. పాలకి టెట్రా ప్యాక్ మంచిది, విప్పాక మాత్రం ఆ పూటకే వాడెయ్యి. నూనెలో నానబెట్టిన వెల్లుల్లి, ఇంట్లో చేసిన అల్లం వెల్లుల్లి ముద్ద చల్లదనం లేకుండా ఉంచితే బోట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. అత్తగారి పుణ్యమా అని మీకు దాని అవసరమే రాదు.

ఐస్ బాక్సులు రెండు పెట్టుకో. తాగే వాటికి ఒకటి, తిండికి ఒకటి. మంచినీళ్ల కోసం బాబు పదిసార్లు మూత తీస్తాడు, తిండి పెట్టె మాత్రం రోజుకి రెండు మూడు సార్లే తెరవాలి. చిన్న ఐసు ముక్కల కన్నా పెద్ద గడ్డ ఎక్కువసేపు ఉంటుంది, నీళ్ల సీసాలు గడ్డకట్టించి పెట్టినా సరే, కరిగాక తాగొచ్చు. లోపల చిన్న థర్మామీటర్ వేసి ఉంచు. 40 ఫారెన్‌హీట్ దాటి రెండు గంటలైతే లోపలున్న పాలు, మాంసం ఆశపడకుండా పారేయాలి.

ఇక ఎలుగుబంట్లు. యోసెమిటీలో ప్రతి టెంట్ స్థలం దగ్గర ఇనుప పెట్టె ఉంటుంది. తిండి, ఐస్ బాక్సులతో సహా, అందులోనే పెట్టి గడియ వేయాలి. చీకటి పడ్డాక కారులో ఉంచకూడదు, ఎలుగుబంటి కారు అద్దాలు పగలగొట్టగలదు. ఐస్ బాక్స్ కొనేముందు పార్క్ వెబ్‌సైట్‌లో ఆ పెట్టె కొలత చూసుకో. వాసన వచ్చే ప్రతిదీ తిండి కిందే లెక్క. టూత్‌పేస్ట్, సబ్బు, అత్తగారి కొబ్బరినూనె సీసా, మావయ్యగారి వక్కపొడి, బాబు సీటు కింద పడ్డ బిస్కట్ ముక్కలు కూడా. టెంట్ లోపల ఏదీ తినొద్దు. గోపాలపురం ఎండుచేపలు ఎంత ఇష్టమైనా ఈసారికి ఇంట్లోనే ఉంచండి.

స్టవ్ ఎంత చలి వేసినా, వాన పడినా టెంట్ లోపల వెలిగించకండి. బొగ్గుల కుంపటి కూడా అంతే. మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఈ విషయం అత్తగారికి, మావయ్యగారికి నువ్వే దగ్గర కూర్చుని చెప్పు, చలి కాచుకోవడం మనవాళ్లకి అలవాటు కదా. ప్రొపేన్ చిన్న సిలిండర్లు అక్కడే దొరుకుతాయి, విమానంలో తీసుకెళ్లలేవు. కట్టెలు ఇంటి దగ్గర నుంచి మోసుకెళ్లకు, చెట్లను చంపే పురుగులు వాటితో పాటు వెళ్తాయి, పార్క్ దగ్గరే కొనుక్కోవాలి. ఎండాకాలంలో కట్టెల మంట నిషేధించే రోజులుంటాయి, వెళ్లగానే పార్క్ రేంజర్‌ని అడగండి.

ఏటి నీళ్లు ఎంత తేటగా కనిపించినా మరిగించకుండా తాగొద్దు. బుడగలు వచ్చి తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం, 6,500 అడుగుల పైన మూడు నిమిషాలు. గిన్నెలు ఏటిలో తోమకూడదు, 200 అడుగులు దూరంగా తోమండి, తోమిన నీళ్లు ఎక్కడ పొయ్యాలో రేంజర్‌ని అడగండి.

వెళ్లేముందు ఒక శనివారం మీ ఇంటి పెరట్లో ఇదే స్టవ్ మీద ఒక పూట దాల్మా, ఒక పూట ఉప్మా వండి చూడు. గ్యాస్ ఎంత అవుతుందో, గరిటె మరిచిపోయావో లేదో తెలుస్తుంది. మీ అత్తగారికి నేను రేపు ఫోన్ చేసి, చోడిపిండి రెండు కిలోలు, వడియాలు ఒక కిలో సర్దుకోమని చెబుతాను. నెంబరు పంపు.